‘జబ్బు చేస్తే తప్ప’: టీ మానేసిన ఆడవాళ్ల చరిత్ర

ఈ మధ్య మన ఇళ్లల్లో కాఫీ మీద ఒక అనుమానం మొదలైంది. ఫిల్టర్ గిన్నె పక్కనే తులసి టీ డబ్బా, చామంతి టీ సంచులు, అల్లం నిమ్మగడ్డి పొడి వచ్చి చేరాయి. స్త్రీల పేజీల్లో ఆరోగ్య సలహాలన్నీ ఒకే మాట చెబుతున్నాయి. కాఫీ మానెయ్యండి, మూలికల టీ తాగండి, నిద్ర పడుతుంది, నరాలు నెమ్మదిస్తాయి, చర్మం మెరుస్తుంది. ఈ సలహా ఎక్కువగా ఆడవాళ్లకే ఎందుకు చెబుతారన్నది ఒక ప్రశ్న. మూలికలు మనకేమైనా కొత్తా అన్నది ఇంకో ప్రశ్న. జలుబు చేస్తే శొంఠి కాఫీ, వేడి చేస్తే ధనియాల కాఫీ, బాలింతకి కాయం, పిల్లలకి వాము నీళ్లు మన వంటిళ్లల్లో ఎప్పటి నుంచో ఉన్నవే. ఆ శొంఠి కాఫీలో గానీ ధనియాల కాఫీలో గానీ ఒక్క కాఫీ గింజ ఉండదు. అయినా దానికి కాఫీ అనే పేరు పెట్టుకున్నారు. మరిగించి, వడగట్టి, పాలూ బెల్లమూ కలిపి, వేడిగా గ్లాసులో పోసి ఒకరి చేతికి అందించే పని మొత్తానికీ అదే పేరైపోయింది. అందించే మనిషి మాత్రం చాలా ఇళ్లల్లో అందరూ తాగాక మిగిలిన రెండో డికాక్షనే తాగింది. ఈ సంగతి ఏ ఆరోగ్య శీర్షికలోనూ కనిపించదు.

ఒక పానీయం మానేసి ఇంకొకటి తాగమని సమాజం స్త్రీలకి చెప్పినప్పుడు నిజంగా ఏం జరుగుతుంది? ఎవరు మానేస్తారు, ఎవరు కాస్తారు, ఎవరికి పేరొస్తుంది? దీనికి చరిత్రలో పత్రాలతో సహా దొరికే ఒక గట్టి ఉదాహరణ పద్దెనిమిదో శతాబ్దపు అమెరికాది. బోస్టన్ టీ పార్టీ అనగానే మనకి చిన్నప్పటి పాఠ్యపుస్తకం గుర్తొస్తుంది. 1773 డిసెంబరు 16 రాత్రి, మోహాక్ ఆదివాసుల వేషాలు వేసుకున్న మగవాళ్లు ఓడలెక్కి 342 పెట్టెల టీ ఆకు సముద్రంలో పారబోశారు. పాఠం అక్కడితో అయిపోతుంది. కానీ ఒక రాత్రి టీ పారబోయడం వేరు, రోజూ పొద్దున్నా సాయంత్రమూ టీ లేకుండా ఇల్లు నడపడం వేరు. ఆ రెండో పని అంతకు మూడు నాలుగేళ్ల ముందే మొదలైంది. చేసింది ఆడవాళ్లు.

1767లో బ్రిటిష్ పార్లమెంటు గాజు, కాగితం, రంగులు, సీసంతో పాటు టీ మీద కూడా పన్ను వేసింది. టీకి పౌనుకి మూడు పెన్నీలు. బ్రిటిష్ సరుకు దిగుమతి చేసుకోబోమని వర్తకులు ఒప్పందాలు రాసుకున్నారు. వర్తకుడు దుకాణంలో మానేస్తే సరిపోదు, ఇంట్లోనూ మానెయ్యాలి. ఇంట్లో ఏం కొనాలో, ఏం కాయాలో చూసేది గృహిణి. రాజకీయానికి అంతవరకూ పనికిరాని మనిషి ఉన్నట్టుండి అవసరమైంది. 1768లో ఫిలడెల్ఫియాకి చెందిన క్వేకర్ కవయిత్రి హన్నా గ్రిఫిట్స్ ‘స్వేచ్ఛా పుత్రికల’ని ఉద్దేశించి ఒక కవిత రాసింది. మగవాళ్లు జంకుతున్నారు కాబట్టి మనమే ముందుకు రావాలని, ఓటు లేకపోయినా టీ తాగకుండా ఉండే హక్కు మన చేతుల్లోనే ఉందని దాని సారం. ఆ కవిత చాలాకాలం చేతిరాత పుస్తకాల్లో తిరిగింది. ఇరవయ్యో శతాబ్దం చివరికి గానీ ఆ కాలపు స్త్రీల సాహిత్య సర్కిళ్ల మీద పరిశోధకుల దృష్టి పూర్తిగా పడలేదు.

1770 మొదట్లో బోస్టన్‌లో మూడు వందల మందికి పైగా ఇల్లాళ్లు ఒక ఒప్పందం మీద సంతకాలు చేశారు. టీ పూర్తిగా మానేస్తాం, జబ్బు చేస్తే తప్ప, అని. కొద్ది రోజులకి పెళ్లికాని అమ్మాయిలు 126 మంది వేరేగా ఇంకో ప్రకటన చేశారు. రెండూ పత్రికల్లో అచ్చయ్యాయి. ‘జబ్బు చేస్తే తప్ప’ అన్న ఆ మినహాయింపు మీద రాజభక్తుడైన పీటర్ ఆలివర్ తర్వాత వెక్కిరింతగా రాశాడు, ఆడవాళ్లు తమకి ఎప్పుడు వీలైతే అప్పుడు జబ్బు పడగలరని. ఆ వెక్కిరింత వెనక అతనికి తెలియని నిజం ఒకటుంది. ఇంట్లో పనికి విరామం కావాలంటే ఆడమనిషికి జబ్బు తప్ప వేరే సెలవు లేదు. ఇప్పుడు కూడా ‘నాకోసం కాసేపు కూర్చుంటాను’ అంటే వినని ఇల్లు ‘తలనొప్పిగా ఉంది, కాస్త శొంఠి కాఫీ తాగి పడుకుంటాను’ అంటే వింటుంది. మనకూ ఆ మినహాయింపు సుపరిచితమే.

మరి టీ బదులు ఏం తాగారు? ఇక్కడే మూలికల కథ మొదలవుతుంది. రాస్ప్‌బెర్రీ ఆకులు కాచి దానికి హైపీరియన్ టీ అని గొప్ప పేరు పెట్టారు. చిత్తడి నేలల్లో పెరిగే లాబ్రడార్ పొద ఆకులు, సేజ్, పుదీనా, ఎర్ర బెర్గమోట్ పూలాకులు కాచారు. అన్నిటికన్నా పేరు పడింది ‘లిబర్టీ టీ’. అది లూస్‌స్ట్రైఫ్ అనే కలుపు మొక్కతో చేసేది. గృహచరిత్రలు రాసిన ఆలిస్ మోర్స్ ఎర్ల్ 1898లో దాని తయారీ వివరించింది. మొక్కని అవిసె మొక్కలా వేళ్లతో పీకాలి. ఆకులు దూసి పక్కన పెట్టి, కాడలు ఉడికించాలి. ఇనపబానలో ఆకులు వేసి ఆ కాడల రసం మళ్లీ మళ్లీ పోస్తూ ఉండాలి. ఆ తర్వాత పొయ్యిలో ఎండబెట్టాలి. దుకాణంలో కొన్న టీ ఆకుకి వేడినీళ్లు పోస్తే చాలు. స్వేచ్ఛ రుచి కావాలంటే సగం రోజు పని. అంత పనీ చేశాక పౌను ఆరు పెన్నీలకి అమ్ముడుపోయేదట.

ఈ ఆకులు పత్రికల వాళ్లు కనిపెట్టినవి కావు. ఎర్ర బెర్గమోట్‌ని ఇప్పటికీ ఆస్వీగో టీ అంటారు, ఆ నేల మీద ఉన్న ఆదివాసుల దగ్గర తెల్లవాళ్లు నేర్చుకున్నది కాబట్టి. లాబ్రడార్ ఆకూ అంతే. రాస్ప్‌బెర్రీ ఆకు పురుళ్ల నాటి మందు. అప్పటికే ప్రతి ఊళ్లో చామంతి, సేజ్, టాన్సీ కాచి ఇచ్చే స్త్రీలు ఉన్నారు. ఆ తర్వాతి కాలంలో మెయిన్ ప్రాంతపు మంత్రసాని మార్తా బల్లార్డ్ 1785 నుంచి 1812 దాకా రోజూ రాసుకున్న డైరీలో ఈ ప్రపంచం మనకి దొరుకుతుంది. ఆమె ఎనిమిది వందలకి పైగా కాన్పులు చేసింది. మూలికలు తానే పెంచి, ఎండబెట్టి, కాచింది. ఆ డైరీ పనికిరాని చిల్లర వివరాల పోగు అని చరిత్రకారులు చాలాకాలం పక్కన పెట్టారు. లారెల్ థాచర్ ఉల్‌రిచ్ దాని ఆధారంగా రాసిన పుస్తకం 1990లో వచ్చాక గానీ ఆ చిల్లరే చరిత్ర అని అందరికీ అర్థం కాలేదు. అంటే 1770లో పత్రికలు ‘దేశభక్తి పానీయం’ అని ఎత్తుకున్నది ఆడవాళ్ల మందుల పెట్టెలోంచి, ఆదివాసుల అడవిలోంచి తీసుకున్న జ్ఞానమే. ఆ పేర్లు మాత్రం గ్రీకు పురాణాల్లోంచి వచ్చాయి!

ఆరోగ్యం అనే వాదం ఎప్పుడు చేరిందో చూడండి. అంతవరకూ టీని నాగరికతకి గుర్తుగా తాగిన పట్టణాల్లో, పన్ను పడ్డాక అది విషమని డాక్టర్లు కనిపెట్టారు. ఓడల మీదికి వెళ్లిన ఆ డిసెంబరు రోజున చర్చిలో జనం గుమిగూడి ఉండగా డాక్టర్ థామస్ యంగ్ లేచి టీ శరీరానికి చేసే కీడు గురించి ఉపన్యసించాడు. టీ నరాలని బలహీనం చేస్తుందనీ, దేశాన్ని ఆడంగిదాన్ని చేస్తుందనీ అప్పటి రాతల్లో తరచుగా వినిపించేది. ఆరోగ్యశాస్త్రం ఎంత నిజమో, దాని పక్కనే ఉన్న రాజకీయావసరం కూడా అంతే నిజం. ఆరోగ్య సలహా అబద్ధమని నేననడం లేదు. రాత్రి నిద్రపట్టని వాళ్లు సాయంత్రం కాఫీ తగ్గిస్తే మంచిదే. ఆ సలహా ఎవరికి, ఎప్పుడు, ఏ అవసరం కోసం వచ్చిందో అడగడం మనం మర్చిపోకూడదంటున్నాను.

బోస్టన్‌లో చిన్న దుకాణం పెట్టుకుని బతికే క్యూమింగ్ అక్కచెల్లెళ్లు ఆన్, ఎలిజబెత్ ఉన్నారు. టోపీలు, రిబ్బన్లు లాంటి చిల్లర సరుకు అమ్మేవాళ్లు. 1769లో బ్రిటిష్ సరుకు దిగుమతి చేశారని వాళ్ల పేర్లు బయటికి లాగారు. పొట్టకూటి కోసం కష్టపడే ఇద్దరు ఆడపిల్లల మీద ఇంత పెద్ద వర్తకుల కోపమా అని ఎలిజబెత్ వాపోయింది. తర్వాత వాళ్లిద్దరూ ఊరొదిలి హాలిఫాక్స్ చేరారు. ఇల్లాలు టీ మానేస్తే త్యాగం, దుకాణం పెట్టుకున్న ఒంటరి స్త్రీ సరుకు అమ్మితే ద్రోహం. స్వేచ్ఛా పుత్రికల్లో అందరికీ చోటు లేదు.

ఈ టీ మన దేశానికి సంబంధం లేనిదనుకోకండి. ఆ ఆకు చైనాది, అస్సాంలో టీ పండించడం ఇంకా అరవై ఏళ్ల తర్వాతి మాట. కానీ అమ్మింది మనల్ని పాలించిన ఈస్టిండియా కంపెనీయే. 1765లో బెంగాల్ దివానీ, అదే ఏడాది మన ఉత్తర సర్కారులకి మొగల్ ఫర్మానా, మరుసటేడు నిజాంతో ఒప్పందం. శ్రీకాకుళం నుంచి మచిలీపట్నం దాకా ఉన్న నేతగాళ్లూ రైతులూ ఆ కంపెనీ లెక్కల్లోకి వెళ్లారు. 1769-70 కరువులో బెంగాల్ జనం లక్షల్లో చనిపోయారు. 1772 నాటికి కంపెనీ దివాలా అంచుకి చేరింది. గోదాముల్లో అమ్ముడుపోని టీ గుట్టలుగా పడి ఉంది. దాన్ని వదిలించుకోవడానికే 1773 టీ చట్టం. 1773 చివర ఫిలడెల్ఫియాలో జాన్ డికిన్సన్ ‘రస్టికస్’ అనే మారుపేరుతో రాసిన కరపత్రంలో, ఆసియాలో కరువు పాలు చేసిన కంపెనీ ఇప్పుడు మన మీదికొస్తోందని హెచ్చరించాడు. ఆ దూరపు ఇల్లాళ్ల కప్పులోకి బెంగాల్ ఆకలి అలా చేరింది. దానికి వాళ్లు బాధ్యులనీ కాదు, దాని గురించి వాళ్లకి బాగా తెలుసనీ కాదు. కప్పులో ఉన్నదాని వెనక ఎంత దూరం ఉంటుందో చెబుతున్నాను.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. టీ తెచ్చిన ఓడల్లో డార్ట్‌మత్ ఒకటి. అదే ఓడలో బోస్టన్‌కి ఫిలిస్ వీట్లీ కవితల పుస్తకం ప్రతులు కూడా వచ్చాయి. ఆఫ్రికాలో పుట్టి, చిన్నపిల్లగా బానిసగా అమ్ముడై, ఇంగ్లీషులో పుస్తకం అచ్చయిన మొదటి నల్లజాతి అమెరికన్ స్త్రీ ఆమె. పుస్తకాలు ముందే దింపేశారు కాబట్టి దక్కాయి. టీ పెట్టెలు పోయిన రాత్రి గురించి ఇన్ని వందల పుస్తకాలు వచ్చాయి గానీ, ఆ ఓడలో వచ్చిన ఈ పుస్తకం సంగతి మన పాఠాల్లో ఎక్కడా లేదు.

ఉత్తర కరోలినాలో ఈడెన్‌టన్ అనే రేవు ఊరుంది. 1774 అక్టోబరు 25న అక్కడ 51 మంది స్త్రీలు ఒక ప్రకటన మీద తమ పేర్లు రాశారు. రాష్ట్ర ప్రతినిధులు బ్రిటిష్ సరుకు గురించి చేసిన తీర్మానాలకి తామూ కట్టుబడి ఉంటామని. పెనిలోపి బార్కర్ దానికి ముందు నడిచిందని చెబుతారు. బోస్టన్ ఇల్లాళ్ల ఒప్పందం ఇంటికి సంబంధించింది. దీని స్వరం వేరు. ఇది మా దగ్గరివాళ్ల పట్ల మాత్రమే కాదు, మా పట్ల మాకున్న బాధ్యత అని అందులో ఉంది. ఆ ఒక్క మాటకోసమే నేను ఆ పత్రాన్ని పదేపదే చదివాను. భర్త చాటున కాకుండా, మారుపేరు లేకుండా, పౌరులుగా నిలబడి రాసిన మాట అది. లండన్ పత్రికలు 1775 జనవరిలో దాన్ని అచ్చేశాయి. మార్చిలో ఫిలిప్ డావ్ గీశాడని చెప్పే వ్యంగ్యచిత్రం వచ్చింది. అందులో ఆ స్త్రీలు మొరటుగా, మగవాళ్లలా ఉంటారు. ఒకామెని మగవాడొకడు ముద్దుపెట్టుకుంటుంటాడు. టీ డబ్బాలు టోపీల్లోకి వొంపుతుంటారు. బల్ల కింద పిల్లవాడిని పట్టించుకునే దిక్కు లేదు, వాడి పక్కన కుక్క. రాజకీయం మాట్లాడే ఆడదాని బొమ్మ అప్పుడూ ఇప్పుడూ ఒకేలా గీస్తారు. ఈడెన్‌టన్‌లో ఉన్న తన అన్నకి లండన్ నుంచి ఆర్థర్ ఐరడెల్ అనే తమ్ముడు రాశాడు, మీ ఊళ్లో ఆడవాళ్ల కాంగ్రెస్ కూడా ఉందా అని. ఆ చిత్రంలోనే వెనక ఒక నల్లజాతి స్త్రీ సిరాబుడ్డి పట్టుకుని నిలబడి ఉంటుంది. సంతకాలు ఆమె చేతిలోని సిరాతోనే. ఆమె పేరు పత్రంలో ఉండదు.

కాఫీ సంగతికి వద్దాం. టీ మానేసిన అమెరికా అంతా మూలికలు తాగుతూ కూర్చోలేదు. 1774 జూలైలో జాన్ ఆడమ్స్ తన భార్య అబిగెయిల్‌కి ఉత్తరం రాశాడు. ప్రయాణంలో అలసిపోయి ఒక పూటకూళ్ల ఇంట్లో దిగి, దొంగసరుకుగా వచ్చిన, పన్ను కట్టని టీ అయితే ఒక గుక్క దొరుకుతుందా అని అడిగాడట. లేదు, ఇక్కడ టీ అందరం మానేశాం, కావాలంటే కాఫీ చేసిపెడతాను అందట ఆ ఇంటామె. అప్పటి నుంచీ రోజూ కాఫీ తాగుతున్నాననీ, టీ అలవాటు తనకి తప్పించాలనీ రాశాడు. దొంగ టీకి మెలిక పెట్టింది దేశనాయకుడు, నియమం నిలబెట్టింది పూటకూళ్లావిడ. అలా కాఫీ దేశభక్తి పానీయమైంది.

మూడేళ్లకి కాఫీకే కరువొచ్చింది. యుద్ధం మధ్యలో సరుకులు దాచి ధర పెంచే వర్తకులు పుట్టుకొచ్చారు. 1777 జూలై చివర అబిగెయిల్ తన భర్తకి బోస్టన్ సంగతి ఒకటి రాసింది. ఒక ధనిక వర్తకుడు, పెళ్లికానివాడు, పిసినారి, గిడ్డంగిలో కాఫీ పీపా పెట్టుకుని పౌను ఆరు షిల్లింగులకి తక్కువైతే అమ్మనన్నాడు. వంద మందో ఇంకా ఎక్కువో ఆడవాళ్లు బండ్లు తోలుకుని వెళ్లారు. తాళాలు ఇమ్మన్నారు. ఇవ్వలేదు. ఒకామె అతని మెడ పట్టుకుని బండిలోకి విసిరింది. తాళాలు వచ్చాయి. బండి వంచి అతన్ని కింద దించి, గిడ్డంగి తెరిచి, కాఫీ తామే ఎత్తుకుని, తామే తోలుకుపోయారు. మగవాళ్లు గుంపుగా నిలబడి నోరు మెదపకుండా చూశారు. ఈ ఉత్తరం చదివినప్పుడల్లా నాకు మన రేషను షాపుల ముందు, సారా దుకాణాల ముందు నిలబడ్డ ఆడవాళ్లు గుర్తొస్తారు. 1776, 1779 మధ్య అలాంటి తిండి కొట్లాటలు ముప్ఫై దాకా జరిగాయని చరిత్రకారిణి బార్బరా క్లార్క్ స్మిత్ లెక్క తేల్చింది. టీ మానేసినందుకు మెచ్చుకున్న పత్రికలు, కాఫీ లాక్కున్నందుకు మెచ్చుకోలేదు. మానెయ్యడం ఆడతనం. తీసుకోవడం అల్లరి.

టీ మానేసి రాట్నం పట్టిన ఆ ఊళ్ల కథ చదివితే 1921 నాటి మన ఊళ్లు కళ్ల ముందు మెదులుతాయి. గాంధీకి ఈ చరిత్ర బాగానే తెలుసు. 1931లో ఇర్విన్‌తో చర్చలప్పుడు టీ బదులు నీళ్లలో చిటికెడు ఉప్పు వేసుకుని, బోస్టన్ టీ పార్టీ గుర్తుగా అన్నాడని చెబుతారు. టీ కాఫీలకి బదులు గోధుమలు వేయించి పొడి చేసిన కాఫీ తాగమని దక్షిణాఫ్రికా రోజుల నుంచే చెప్పాడు. 1942లో ఆగాఖాన్ ప్యాలెస్ నిర్బంధంలో రాసిన ఆరోగ్య పుస్తకంలోనూ టీ, కాఫీ, కోకోలు శరీరానికి అవసరం లేదన్నాడు. ఆ గోధుమలు ఆశ్రమాల్లో ఎవరు వేయించారు, ఎవరు విసిరారు అన్నది ఆ పుస్తకంలో ఉండదు. ఉండాల్సిన అవసరం అప్పుడు ఎవరికీ తోచలేదు.

2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఆయుష్ మంత్రిత్వశాఖ తులసి, దాల్చిన చెక్క, మిరియాలు, శొంఠి, ఎండుద్రాక్షతో కషాయం కాచి రోజుకి ఒకటి రెండు సార్లు తాగమంది. మన ఇళ్లల్లో పనిమనిషి రావడం ఆగిపోయి, పిల్లలూ మగవాళ్లూ ఇరవై నాలుగ్గంటలూ ఇంట్లోనే ఉన్న రోజులవి. టీ, కాఫీ మానలేదు ఎవరూ. వాటికి తోడు కషాయం చేరింది. ఆ తర్వాత అదే పొడి కంపెనీల డబ్బాల్లో పేరు మార్చుకుని వచ్చింది. శొంఠి కొట్టడం నేర్పిన అమ్మమ్మల ఊసు ఆ డబ్బా మీద ఎక్కడా లేదు. డబ్బా కొనేవాళ్లకి కొట్టే పని తప్పిందన్నది కూడా ఒప్పుకోవాలి. కొట్టలేక కొనుక్కున్న స్త్రీని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు.

ఈడెన్‌టన్‌లో ఆ స్త్రీల జ్ఞాపకంగా 1910లో ఒక కంచు టీపాత్రని పాత ఫిరంగి మీద నిలబెట్టారు. చూడ్డానికి వెళ్లేవాళ్లు ఇప్పటికీ దాని పక్కన ఫోటోలు తీసుకుంటారు. అదే ఊళ్లో 1813లో హేరియట్ జేకబ్స్ బానిసగా పుట్టింది. వయసొచ్చేసరికి యజమాని లైంగిక వేధింపులు మొదలుపెట్టాడు. ఆమె పారిపోయి, అదే ఊళ్లో స్వేచ్ఛ పొందిన అమ్మమ్మ ఇంటి కొట్టు పైన దాక్కుంది. అమ్మమ్మ బిస్కెట్లు, రొట్టెలు చేసి ఊరంతటికీ అమ్మి బతికేది. ఊళ్లో పెద్దింటి ఆడవాళ్లు ఆమె దగ్గర కొనేవాళ్లు, వాళ్ల టీ బల్లల మీదికి ఆమె చేతి వంట వెళ్లేది. పైన కొట్టు తొమ్మిదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు, ఎత్తు ఎక్కువున్న చోట మూడడుగులు. నిలబడే వీల్లేదు. చెక్కలో ఒక చిన్న కన్నం పొడుచుకుని, వీధిలో ఆడుకునే తన పిల్లల్ని వాళ్లకి తెలియకుండా చూసుకునేది. దాదాపు ఏడేళ్లు అలా ఉండి 1842లో ఉత్తరానికి తప్పించుకుంది. 1861లో తన కథని మారుపేరుతో పుస్తకంగా అచ్చేయించింది. నల్లజాతి స్త్రీ అంత బాగా రాయలేదని, అది తెల్లావిడ రాసిన కల్పన అని ఇరవయ్యో శతాబ్దంలో కూడా చాలామంది పండితులు నమ్మారు. 1980లలో జీన్ ఫాగన్ యెల్లిన్ ఉత్తరాలూ దస్తావేజులూ వెతికి, అది జేకబ్స్ స్వయంగా రాసిన తన జీవితమేనని నిరూపించింది.